థాయ్ పౌరసత్వం వచ్చాక: ఒళ్ళు, తిండి, ఇరుగుపొరుగు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగానికో వ్యాపారానికో బ్యాంకాక్ వచ్చి, ఏళ్ళు గడిచి, చివరికి థాయ్ పౌరులైన తెలుగువాళ్ళు కొద్దిమందే. ఆ కొద్దిమందీ, ఆ దారిలో ఉన్నవాళ్ళూ అడిగే ప్రశ్నలివి. దరఖాస్తు ఎలా చేయాలన్నది ఇక్కడ దొరకదు, వచ్చాక ఏమిటన్నదే విషయం. కాగితాల సంగతి ముందు తేల్చేసి, ఎక్కువ చోటు ఆరోగ్యానికి ఇచ్చాను. ఆఫీసు పనులు తిరిగితే పూర్తవుతాయి. ఊరు మనదనిపించడానికే టైం పడుతుంది. నేను చూసినంతలో ఆ పని పార్కులో, కూరగాయల సంతలో, బ్యాడ్మింటన్ కోర్టులో త్వరగా అవుతుంది.

గెజెట్‌లో పేరు వచ్చింది. ఇక అయిపోయినట్టేనా?

చట్టం లెక్కన అయిపోయినట్టే. 1965 నాటి జాతీయత చట్టం ప్రకారం గెజెట్‌లో ప్రచురించిన రోజు నుంచి మీరు థాయ్ పౌరులు. చేతిలోకి కార్డు రావడానికి మాత్రం ఇంకో రెండు మెట్లున్నాయి. ముందు జిల్లా ఆఫీసుకు వెళ్ళి (బ్యాంకాక్‌లో ఖేత్ అంటారు, మిగతా చోట్ల అమ్ఫో) తబియన్ బాన్, అంటే ఇంటి రిజిస్టర్‌లో థాయ్ పౌరులుగా పేరు ఎక్కించుకోవాలి. ఆ తర్వాత బత్ ప్రచాచొన్, అంటే గుర్తింపు కార్డు. అద్దె ఇంట్లో ఉంటే రిజిస్టర్‌లో మీ పేరు చేర్చడానికి ఇంటి యజమాని ఒప్పుకోవాలి, కాబట్టి ఆ మాట ముందే కదపండి. వర్క్ పర్మిట్, 90 రోజులకోసారి ఇమిగ్రేషన్‌కు అడ్రసు చెప్పడం, వీసా పొడిగింపు టెన్షన్, అన్నీ పోతాయి.

నా కార్డు నంబరు 8తో మొదలవుతోంది. అందరికీ తెలిసిపోతుందా?

చూసే కన్ను ఉన్నవాళ్ళకు తెలుస్తుంది. 13 అంకెల్లో మొదటిది మీరు ఏ వర్గంలో నమోదయ్యారో చెబుతుంది. బ్యాంకులో, ఆసుపత్రిలో, జిమ్‌లో దాన్ని ఎవరూ పట్టించుకోరు.

పుట్టుకతో థాయ్ అయినవాళ్ళకూ మనకూ తేడాలేమీ లేవా?

ఉన్నాయి, మూడు గుర్తుపెట్టుకుంటే చాలు. 2017 రాజ్యాంగం ప్రకారం పౌరసత్వం వచ్చిన 5 ఏళ్ళకు గానీ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు రాదు. ఆ పైన, ఓటేసే నియోజకవర్గం ఇంటి రిజిస్టర్‌లో కనీసం 90 రోజులుగా పేరుండాలి. రెండోది, ఎంపీగా పోటీ చేయలేరు, అది పుట్టుకతో థాయ్ అయినవాళ్ళకే. మూడోది మనవాళ్ళలో చాలామందికి తెలియదు. మన పౌరసత్వాన్ని రద్దు చేసే అవకాశం చట్టంలో ఉంది. పాత జాతీయతను ఇంకా వాడుకుంటున్నట్టు రుజువైనా, థాయ్‌లాండ్‌లో నివాసం లేకుండా 5 ఏళ్ళకు మించి బయట ఉన్నా ఆ ప్రమాదం ఉంటుంది. అమ్మానాన్నలను చూసుకోవడానికి గుంటూరో కరీంనగరో వెళ్ళి అక్కడే ఉండిపోయేవాళ్ళకు ఇది వర్తించే సంగతి. ఇక్కడి ఇల్లు, రిజిస్టర్‌లో పేరు వదులుకోకండి.

భారత పాస్‌పోర్టు దాచుకుంటే ఏమవుతుంది?

దాచుకోవద్దు. 1955 నాటి భారత పౌరసత్వ చట్టం ప్రకారం ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణం నుంచి మీరు భారత పౌరులు కారు. పాస్‌పోర్టును రాయబార కార్యాలయంలో అప్పగించి, సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ సర్టిఫికెట్‌తో ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు భారత్ ఇచ్చే) కార్డుకు దరఖాస్తు చేయవచ్చు. అది చేతికొచ్చేదాకా మన ఊరికి వెళ్ళాలన్నా థాయ్ పాస్‌పోర్టు మీద వీసా తీసుకోవలసిందే. ఇంటికెళ్ళడానికి వీసా ఫారం నింపుతుంటే మనసు కొంచెం చివుక్కుమంటుంది, అది మామూలే.

ఊళ్ళో ఓటరు జాబితాలో పేరు తీయించండి. పొలం సంగతి అందరూ అడుగుతారు. ఓసీఐ ఉన్నవాళ్ళు వ్యవసాయ భూమి కొత్తగా కొనలేరు. తాతతండ్రుల నుంచి వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. అమ్మాలంటే భారత్‌లో ఉండే భారత పౌరులకే అమ్మాలి. ఇళ్ళు, ఫ్లాట్లు కొనడానికి అడ్డు లేదు.

ఆసుపత్రి ఖర్చు సంగతేమిటి? గోల్డ్ కార్డు మనకూ వస్తుందా?

వస్తుంది. బత్ థోంగ్ (గోల్డ్ కార్డు) అనే ఈ ప్రభుత్వ వైద్య పథకాన్ని 2002లో దేశమంతా అమలు చేశారు. మొదట్లో ప్రతి చూపుకూ 30 బాత్ తీసుకునేవారు, అందుకే ఇప్పటికీ '30 బాత్ పథకం' అనే పిలుస్తారు. ఇది థాయ్ పౌరులకు ఉన్న హక్కు, నంబరు 8తో మొదలైనా సరే. కాకపోతే మీరు కంపెనీ ఉద్యోగి అయితే జీతంలోంచి కట్ అయ్యే సోషల్ సెక్యూరిటీ కిందే వైద్యం జరుగుతుంది. రెండూ ఒకేసారి ఉండవు. ఉద్యోగం మానేస్తే రెండు దారులు. అంతకుముందు కనీసం 12 నెలలు చందా కట్టి ఉంటే 6 నెలల్లోపు సెక్షన్ 39 కింద సొంతంగా కట్టుకుంటూ కొనసాగవచ్చు. వద్దనుకుంటే గోల్డ్ కార్డులోకి మారవచ్చు.

ఇంటి దగ్గరి ఆరోగ్య కేంద్రం పేరుతో నమోదవుతారు. పెద్ద జబ్బైతే అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపుతారు. 2024 జనవరిలో ఫ్రే, ఫెచ్చబురి, రొయ్-ఎత్, నరాథివాత్ రాష్ట్రాల్లో గుర్తింపు కార్డు చూపి ఎక్కడైనా వైద్యం పొందే పద్ధతి మొదలై, తర్వాత మిగతా చోట్లకు పాకింది. సందేహాలకు 1330కి ఫోన్ చేయండి.

నా అభిప్రాయం: చాలామంది తెలుగువాళ్ళు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులకు అలవాటుపడి ప్రభుత్వ ఆసుపత్రి వైపే చూడరు. క్యూ పొడుగ్గా ఉంటుంది, తెల్లారేసరికి వెళ్ళాలి, థాయ్‌లోనే మాట్లాడాలి. అయినా సుగర్, బీపీ లాంటి ఏళ్ళ తరబడి వాడే మందులకు అక్కడ పేరు రాయించుకుని ఉంచడం తెలివైన పని. అరవై దాటాక ప్రైవేటు బీమా ప్రీమియం ఎంతవుతుందో ఒకసారి అడిగి చూడండి, మీకే తెలుస్తుంది.

ఒళ్ళు కదిలించడానికి బ్యాంకాక్‌లో ఎక్కడికెళ్ళాలి?

జిమ్ సభ్యత్వం కొనే ముందు పార్కులు చూడండి.

లుంఫిని అందరికీ తెలిసిందే. తెల్లవారుజామున నాలుగున్నరకే గేట్లు తీస్తారు, ఐదింటికే జనం. పార్కు చుట్టూ దారి 2.5 కిలోమీటర్లు, మధ్యలో దూరం గుర్తులు ఉంటాయి. చెరువు గట్టున తాయ్ చీ చేసే పెద్ద వయసు చైనీస్-థాయ్‌లు, ఆరుబయట జిమ్‌లో ఇనుప బరువులు ఎత్తే తాతలు, నీళ్ళలోంచి గట్టెక్కి దారికి అడ్డంగా పడుకునే పెద్ద ఉడుములు. ఉడుమును చూసి పరుగు ఆపేవాళ్ళు కొత్తవాళ్ళు, దాని పక్క నుంచి తప్పుకుని పోయేవాళ్ళు పాతవాళ్ళు. మన దారిన మనం పోతే అది ఏమీ అనదు.

బెంజకిత్తి నాకు ఇంకా ఇష్టం. చెరువు చుట్టూ నడకదారి మొదటి నుంచీ ఉంది. పక్కనున్న పాత పొగాకు ఫ్యాక్టరీ స్థలాన్ని చిత్తడి అడవిగా మార్చి 2022లో తెరిచారు. చెట్ల తలల మీదుగా పోయే నడక వంతెనలున్నాయి. లుంఫిని నుంచి ఇక్కడికి రోడ్డు దిగకుండా గ్రీన్ మైల్ అనే ఎత్తైన దారి మీద, 1.3 కిలోమీటర్లు నడిచి రావచ్చు. రెండు పార్కులూ కలిపి చుట్టేస్తే ఆదివారం పొద్దుటి పరుగు సరిపోతుంది.

సైకిలు తొక్కేవాళ్ళకు సువర్ణభూమి విమానాశ్రయం పక్కన 23.5 కిలోమీటర్ల ట్రాక్ ఉంది. ఉచితం, కార్డు చూపించి నమోదు చేసుకోవాలి. నీడ దాదాపు లేదు, కాబట్టి పొద్దున్నే వెళ్ళండి, లేదా సాయంత్రం దీపాలు పెట్టాక. ఉత్తరం వైపు ఉంటే చతుచక్ పక్కన రోత్ ఫై పార్కు, తూర్పున ఉంటే తొమ్మిదో రామ పార్కు.

చియాంగ్ మైలో ఉన్నవాళ్ళకు విశ్వవిద్యాలయంలోని అంగ్ కేవ్ చెరువు గట్టు, ఇంకాస్త దమ్ముంటే వాత్ ఫా లాత్ మీదుగా దొయ్ సుథేప్‌కు ఎక్కే అడవి బాట. చిన్న పట్టణాల్లో మునిసిపల్ పార్కో స్టేడియమో ఉంటుంది, సాయంత్రం అక్కడికెళ్తే ఊరంతా కనిపిస్తుంది.

సాయంత్రం పార్కులో స్పీకర్లు పెట్టి ఎగిరేవాళ్ళతో కలవచ్చా?

కలవాలి! ఇది థాయ్‌లాండ్ అంతా ఉన్న అలవాటు. ఐదున్నర, ఆరు మధ్య వేదిక మీద ఒక టీచరు, కింద వందమంది. ఎక్కువగా నడివయసు ఆడవాళ్ళు, మధ్యలో కొందరు మగవాళ్ళు. చాలా చోట్ల ఉచితం, కొన్ని చోట్ల డబ్బాలో 10, 20 బాత్ వేస్తారు. వెనక వరుసలో నిలబడండి. పది రోజులు వరసగా కనిపిస్తే మీ పేరు అడుగుతారు.

పేరంటే అసలు పేరు కాదు, ముద్దుపేరు. ఇక్కడ ప్రతివాళ్ళకూ ఒకటో రెండో అక్షరాల పిలుపు ఉంటుంది. ఆఫీసులో కూడా దాంతోనే పిలుస్తారు. వెంకట సత్యనారాయణ అని చెప్పి వాళ్ళను ఇబ్బంది పెట్టే బదులు ఇంట్లో పిలిచే చిన్ని, పండు, బుజ్జి లాంటిది చెప్పేయండి. పెద్దావిడను 'పా' అనండి, పెద్దాయనను 'లుంగ్', మీకంటే కాస్త పెద్దవాళ్ళను 'ఫీ', చిన్నవాళ్ళను 'నోంగ్'. బాబాయ్, పిన్ని, అక్క, తమ్ముడు అని వరసలు కలిపే మనకు ఇది ఒక్కరోజులో వచ్చేస్తుంది.

సరిగ్గా ఆరింటికి అందరూ ఆగిపోతున్నారు. మనమూ ఆగాలా?

ఆగండి. పొద్దున 8కి, సాయంత్రం 6కి జాతీయ గీతం. పరుగెత్తేవాళ్ళు, ఏరోబిక్స్ చేసేవాళ్ళు, బల్ల మీద కూర్చున్నవాళ్ళు అందరూ లేచి నిలబడతారు. నిమిషం తర్వాత ఎవరి పరుగు వాళ్ళది. గుండె వేగం పడిపోయిందని స్మార్ట్ వాచీ గోల పెడితే పెట్టనివ్వండి. పౌరసత్వం ఇంటర్వ్యూ కోసం బట్టీపట్టిన ఆ మాటలు మీకు ఎలాగూ వచ్చు. ఇప్పుడున్న మాటలు 1939 నాటివి. బాణీ కట్టిన ఫ్రా చెన్ దురియాంగ్ తండ్రి జర్మన్ మూలాలున్న సంగీతకారుడు, ఈ దేశానికి వలస వచ్చి స్థిరపడినవాడు.

మనది కూడా ఎండల దేశమే కదా, ఇక్కడి ఎండకు ఎందుకు ఇంత నీరసం?

విజయవాడవాళ్ళు కూడా ఇదే అడుగుతారు. కారణం తేమ. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. థర్మామీటరు 34 చూపిస్తున్నా ఒంటికి నలభై దాటినట్టుంటుంది. పైగా రోజంతా ఏసీలో ఉండి సాయంత్రం ఒక్కసారిగా పరుగు మొదలుపెడతాం. కొత్తలో రెండు వారాలు వేగం పక్కన పెట్టి, మాట్లాడుతూ చేయగలిగినంతే చేయండి. మార్చి నుంచి మే దాకా పొద్దున ఏడు తర్వాత ఎండలో పరిగెత్తకండి. తల తిరిగినా, చెమట ఆగిపోయినా ఆపేసి నీడకు వెళ్ళి నీళ్ళు పోసుకోండి. కొబ్బరిబోండం ప్రతి మూలా దొరుకుతుంది.

వానాకాలంలో సాయంత్రం నాలుగు దాటాక వాన ఎప్పుడైనా రావచ్చు. పొద్దుటి పూటే నయం.

దుమ్ము కాలంలో ఏం చేయాలి?

బ్యాంకాక్‌లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, చియాంగ్ మైలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గాలి పాడవుతుంది. ఉత్తరాన పొలాల్లో, అడవుల్లో పెట్టే మంటలు అందుకు పెద్ద కారణం. పిఎం 2.5కి, అంటే గాలిలోని అతి సన్నటి దుమ్ము కణాలకు, థాయ్ 24 గంటల ప్రమాణం ఘనపు మీటరుకు 37.5 మైక్రోగ్రాములు, 2023 జూన్ దాకా అది 50 ఉండేది. కాలుష్య నియంత్రణ శాఖ వాళ్ళ ఎయిర్‌4థాయ్ యాప్‌లో మీ పేటలో ఎంతుందో కనిపిస్తుంది. 37.5 దాటిన రోజు బయట పరుగు వద్దన్నది నేను పెట్టుకున్న నియమం. ఆ రోజు ఇంట్లో సూర్యనమస్కారాలు, కాకపోతే లోపలి బ్యాడ్మింటన్ కోర్టు. పొద్దున్నే గాలి శుభ్రంగా ఉంటుందనుకోవడం పొరపాటు. చలికాలంలో తెల్లవారుజామునే పొగ నేలకు అంటుకుని ఉండే రోజులు చాలా. మాస్కు పెట్టుకుని పరిగెత్తే సాహసం చేయకండి, ఆయాసం తప్ప ఒరిగేదేమీ లేదు.

బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళు దొరుకుతారా?

ఈ దేశంలో దొరకనిది బ్యాడ్మింటన్ కోర్టు అంటే నమ్మను. పేటకో షెడ్డు, గంటకింత అద్దె, రాత్రి పదిదాకా ఆట. 'కువాన్' అని పిలిచే గుంపులుంటాయి. వాళ్ళు కోర్టు బుక్ చేస్తారు, మీరు ఒంటరిగా వెళ్ళినా మీ స్థాయివాళ్ళతో జత కలుపుతారు, కోర్టు ఫీజు, షటిల్‌కాక్‌ల ఖర్చు పంచుకుంటారు. స్థాయి అడిగితే తగ్గించి చెప్పండి. ఇక్కడ అరవై ఏళ్ళ పెద్దావిడ కూడా నెట్ దగ్గర షటిల్‌ను ఎలా జారవిడుస్తుందో చూస్తే హైదరాబాద్‌లో నేర్చుకున్న స్మాష్‌లు ఏమూలకు అనిపిస్తుంది.

మాట కలపడానికి మనకో మంచి అంశం కూడా ఉంది. 2013 ప్రపంచ చాంపియన్‌షిప్ సెమీఫైనల్లో మన సింధును ఓడించిన రత్చనోక్ ఇంతనోన్ ఆ ఏడాది ప్రపంచ విజేత. ఆమె, 2023 ప్రపంచ విజేత కున్లవుత్ వితిత్‌సాన్ ఇద్దరూ బాన్ థోంగ్‌యోద్ అనే ఒకే బడి నుంచి వచ్చారు. థాయ్ మిఠాయిలు చేసే కుటుంబం పెట్టిన బడి అది. రత్చనోక్ తల్లిదండ్రులు ఆ మిఠాయి ఫ్యాక్టరీలోనే పనిచేసేవారు. ఈ కథ మీకు తెలుసని తెలిస్తే కోర్టులో వాళ్ళకు మీరు సగం తమవాళ్ళే.

నలభై దాటాక ముయే థాయ్ (థాయ్ బాక్సింగ్) మొదలుపెట్టవచ్చా?

వచ్చు. పోటీకి కాకుండా ఒంటికోసం అని ముందే చెప్పండి. తాడాట, నీడతో యుద్ధం, ప్యాడ్ల మీద దెబ్బలు, చివర్లో పొట్ట కసరత్తులు: గంటలో ఒళ్ళు హూనం. మోకాలి నొప్పి, బీపీ ఉంటే డాక్టరును అడిగాకే. గురువుకు, బరిలోకి దిగే ముందు ఆ బరికి నమస్కారం పెట్టే పద్ధతి ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. టూరిస్టుల కోసం నడిచే జిమ్‌లలో ధర ఎక్కువ. సందుల్లో పిల్లలు సాధన చేసే చిన్న జిమ్‌లో థాయ్‌లో అడిగితే వేరే ధర వినిపిస్తుంది.

పరుగు పోటీలు?

ప్రతి ఆదివారం ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఎండకు భయపడి పెద్ద పోటీలు చీకట్లోనే మొదలవుతాయి, అర్ధరాత్రి దాటాక లేచి బయల్దేరాలి. పరుగు ఈ దేశంలో ఇంత జోరందుకోవడానికి ఒక కారణం 2017లో రాక్ గాయకుడు తూన్ పరుగు. దక్షిణాన బేతొంగ్ నుంచి ఉత్తరాన మే సాయ్ దాకా 2,191 కిలోమీటర్లు పరిగెత్తి 11 ప్రభుత్వ ఆసుపత్రుల కోసం వంద కోట్ల బాత్‌లకు పైగా పోగుచేశాడు.

శాకాహారులం. ఏం తినాలి?

ఇక్కడి కూరగాయలు చూసి సంతోషించండి, సాస్‌లు చూసి జాగ్రత్తపడండి. 'కూరగాయల వేపుడు' అంటే అందులో ఆయిస్టర్ సాస్ ఉంటుంది. సొమ్ తమ్ అనే పచ్చి బొప్పాయి సలాడ్‌లో ఎండురొయ్యలు, చేపల సాస్ అయిన నామ్ ప్లా. పచ్చడి లాంటిది కనిపిస్తే దాంట్లో కపి, అంటే రొయ్యల ముద్ద ఉండవచ్చు. రెండు మాటలు నేర్చుకోండి. 'కిన్ జే' అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ లేకుండా, ఉల్లి వెల్లుల్లి కూడా లేకుండా. 'మంగ్‌సవిరత్' అంటే గుడ్డు, పాలు ఉండవచ్చు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలుంటే అది జే కొట్టు. చైనా పంచాంగం తొమ్మిదో నెలలో తొమ్మిది రోజులు జే పండుగ. అది చాలా ఏళ్ళు మన దసరా నవరాత్రుల రోజుల్లోనే వస్తుంది, అప్పుడు వీధంతా శాకాహారమే. అవే రోజుల్లో సీలోం దగ్గరి మారియమ్మన్ గుడిలో ఉత్సవాలు, విజయదశమి రాత్రి ఊరేగింపు. ఆ రాత్రి అక్కడ పూలదండలు పట్టుకుని నిలబడేవాళ్ళలో థాయ్‌లే ఎక్కువ.

సంతకు వెళ్తే మనవే చాలా దొరుకుతాయి. తూటికూర, కాకర, మునక్కాయ, చింతపండు, పచ్చి అరటి, కరివేపాకు వెతికితే అదీ. దొండాకును వీళ్ళు చారులో వేస్తారు, కాయను వదిలేస్తారు. మనం దానికి తలకిందులు. గోంగూర కోసం నర్సరీలో 'క్రచియప్' మొక్క అడిగి బాల్కనీలో పెంచుకోండి.

తిండి తేలికే, అయినా పొట్ట పెరుగుతోంది. ఎందుకు?

చక్కెర వల్ల. నూడుల్స్ బల్ల మీద కారం, వెనిగర్, నామ్ ప్లాతో పాటు నాలుగో డబ్బాలో చక్కెర ఉంటుంది. సొమ్ తమ్‌లో తాటిబెల్లం, కూరలో చక్కెర, మధ్యాహ్నం తాగే చా యెన్ అనే చల్లటి టీలో తియ్యటి చిక్కటి పాలు. పైగా రాత్రి ఇంట్లో మనం మానని అన్నం. థాయ్ ఆరోగ్య శాఖ చెప్పే సూత్రం 6-6-1: రోజుకు చిన్న చెంచాతో చక్కెర 6, నూనె 6, ఉప్పు 1. ఒక గ్లాసు చా యెన్‌తో చక్కెర లెక్క దాదాపు అయిపోతుంది. 'వాన్ నోయ్' అంటే తీపి తక్కువ, 'మై సై నామ్ తాన్' అంటే చక్కెర అసలు వద్దు. అమ్మేవాళ్ళు ఒక్కోసారి జాలిగా చూస్తారు, పట్టించుకోకండి.

నడుము కొలత మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే సుగర్ పరీక్ష చేయించుకోండి. బరువు మామూలుగా ఉండి పొట్ట మాత్రమే ముందుకొచ్చే ఒంటితీరు మనది. 'నేను లావు లేను కదా' అన్న ధీమా పనికిరాదు. వారానికి రెండు రోజులైనా బరువులు ఎత్తండి. నడక ఒక్కటే చాలనుకునే అలవాటు మనవాళ్ళలో ఎక్కువ, కండ తగ్గితే సుగర్ అదుపు ఇంకా కష్టం.

వీధికుక్కల భయంతో సందుల్లో పరిగెత్తలేకపోతున్నాను.

భయం న్యాయమైనదే. కుక్కలు గుంపుగా ఉన్న సందులో పరుగు ఆపి నడవండి, కళ్ళలోకి చూడకండి. కరిస్తే, గీరినా సరే, సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి. రేబీస్ ఇక్కడ ఇంకా పోలేదు. రోడ్డు పక్కన పరుగు నేను ఎవరికీ చెప్పను. ఫుట్‌పాత్ మీదకు కూడా మోటారుసైకిళ్ళు వస్తాయి.

కార్డు చూపించినా నన్ను విదేశీ అనే అంటున్నారు. జాతీయ ఉద్యానాల్లో ఏ టికెట్టు?

థాయ్ టికెట్టు. ఖావ్ యాయ్, దొయ్ ఇంథనోన్ లాంటి చోట్ల విదేశీయులకు ధర కొన్ని రెట్లు ఎక్కువ. థాయ్ ధరను చాలా బోర్డుల మీద థాయ్ అంకెల్లో రాస్తారు, అవి చదవడం వచ్చి ఉండాలి. కౌంటర్‌లో ముఖం చూసి ఇంగ్లీషులో ధర చెబుతారు. కార్డు తీసి, నవ్వుతూ థాయ్‌లో మాట్లాడండి. గొంతు పెంచితే మాత్రం, న్యాయం మీ వైపున్నా, పని ఆలస్యమవుతుంది. దొయ్ ఇంథనోన్ 2,565 మీటర్లు, దేశంలో అన్నిటికన్నా ఎత్తు. డిసెంబరులో స్వెటర్ తీసుకెళ్ళండి.

ఇంగ్లీషులో పలకరించడం ఏళ్ళు గడిచినా పూర్తిగా పోదు. అది అవమానమని నేననుకోను. థాయ్‌లో జవాబిస్తే రెండో వాక్యానికే వాళ్ళూ మారిపోతారు. స్వరాల మెలికలు తప్పితే నవ్వుతారు, మళ్ళీ చెబుతారు. చెమటలు కక్కుతూ పార్కులో మాట్లాడే థాయ్‌కి పరీక్ష హాలులో ఉండే బెరుకు ఉండదు.

అమ్మానాన్నలు వచ్చి మాతో ఉంటారు. వాళ్ళకూ గోల్డ్ కార్డు?

రాదు. మీ పౌరసత్వం వాళ్ళకు వర్తించదు. వాళ్ళు వీసా మీదే ఉండాలి, వైద్యానికి విడిగా బీమా గానీ డబ్బు గానీ చూసుకోవాలి. మందుల చీటీలు మూల పేరుతో రాయించి తీసుకురమ్మనండి, బ్రాండు పేరు ఇక్కడి ఫార్మసీలో పనికిరాదు. వాళ్ళకు పొద్దుటి పూట పార్కు దారి చూపించండి. భాష రాకపోయినా నాన్నగారికి అక్కడ ఓ నేస్తం దొరుకుతాడు, ఎలా మాట్లాడుకుంటారో మనకు అర్థం కాదు.

మాకు అరవై దాటితే పెన్షన్ ఏమైనా ఉందా?

థాయ్ పౌరులకు ఇచ్చే వృద్ధాప్య భృతి నెలకు 600 బాత్‌తో మొదలై, 90 ఏళ్ళు దాటితే 1,000 దాకా వెళుతుంది. దాని మీద బతకలేం. సోషల్ సెక్యూరిటీలో 180 నెలలు చందా కట్టి ఉంటే 55 దాటి ఉద్యోగం మానేశాక వచ్చే నెలవారీ పెన్షన్ వేరు, దాని లెక్క ముందే వేసుకోండి.

అత్యవసరంలో ఎవరికి ఫోన్ చేయాలి?

అంబులెన్స్ 1669, పోలీసు 191. టూరిస్టు పోలీసు నంబరు 1155 ఇక మీకోసం కాదు. ఫోన్ తీసినవాళ్ళు ముందుగా సోయి (సందు) నంబరు, దగ్గర్లోని గుడి లేదా సెవెన్-ఇలెవెన్ పేరు అడుగుతారు. మీ ఇంటి అడ్రసును థాయ్‌లో ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి, మీ భార్యకో భర్తకో పిల్లలకో బిగ్గరగా చదవడం నేర్పండి.